సౌరకుటుంబం పాఠం గురుడి దగ్గర మొదలవ్వాలి

బడి పుస్తకాల్లో సౌరకుటుంబం పాఠం ఎప్పుడూ ఒకే వరసలో నడుస్తుంది. సూర్యుడి పక్కన బుధుడు, తర్వాత శుక్రుడు, మన భూమి, కుజుడు. ఈ నాలుగూ రాతి గ్రహాలు. ఆ తర్వాత ఒక గీత. గీతకి అవతల గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్. వీటి గురించి రెండే రెండు వాక్యాలుంటాయి: పెద్దవి, గ్యాస్‌తో నిండినవి, చుట్టూ వలయాలు, బోలెడు చందమామలు. అంతే, పాఠం అయిపోయి ప్రశ్నలు మొదలవుతాయి.

ఈ వరస తలకిందులుగా ఉందని నా వాదన. ఎనిమిది గ్రహాల పదార్థాన్నీ ఒకచోట పోగేస్తే దాదాపు 447 భూములంత అవుతుంది. అందులో గురుడు ఒక్కడే 318 భూములు, శని 95. ఆ రెండూ కలిపితే నూటికి 92 వంతులు. మనం అధ్యాయమంతా కేటాయించే నాలుగు రాతి గ్రహాలనూ కలిపినా రెండు భూములు నిండవు. ఎవరి కథ చెబుతున్నామో ఈ లెక్కలోనే తెలిసిపోతోంది. కథలో పెద్ద మనుషుల్ని చివరి పేజీలోకి నెట్టేసి, మిగిలిపోయిన కాస్త మట్టినీ రాయినీ పట్టుకుని ఇదే సౌరకుటుంబం అంటున్నాం.

చెన్నైలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద వీలైనప్పుడల్లా టెలిస్కోప్ పెడతాను. ఆరు అంగుళాల అద్దం ఉన్న మామూలు టెలిస్కోపే. వచ్చే పిల్లల్లో తెలుగువాళ్లే ఎక్కువ, తమిళం కలిపి మాట్లాడతారు. వాళ్లతో పాటు మా కింది ఫ్లాట్‌లో ఉండే సైన్స్ టీచరుగారు కూడా వస్తుంటారు. నెల్లూరు ఆవిడ. పాఠం గురుడితో మొదలుపెట్టాలని నేనన్నప్పుడు ఆవిడ ఒప్పుకోలేదు. "అదెలా కుదురుతుందండీ? పిల్లలకి ముందు కాలి కింద ఉన్నది చూపించాలి. తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లడమే కదా పాఠమంటే" అన్నారు. తేలిగ్గా తీసిపారేసే మాట కాదిది. ఇరవై ఏళ్లకు పైగా తరగతి గదిలో నిలబడ్డ మనిషి చెప్పిన మాట.

కానీ తెలుగు ఇళ్లలో పుట్టిన పిల్లలకి గురుడు తెలియనివాడు కాదు, ఆ సంగతి మనమే మర్చిపోయాం. గోదావరి పుష్కరాలు 2015లో వచ్చాయి, కృష్ణా పుష్కరాలు 2016లో. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరికి, కన్యారాశిలోకి వస్తే కృష్ణకి. రాశికి సుమారు ఒక ఏడాది చొప్పున పన్నెండు రాశులూ తిరిగి రావడానికి గురుడికి 11.86 ఏళ్లు పడుతుంది. పుష్కరం అంటే పన్నెండేళ్లు అని మనం లెక్కపెట్టుకునేది గురుడి ఏడాదినే. శని ఒక చుట్టు తిరగడానికి 29 ఏళ్ల అయిదు నెలలు పడుతుంది. రాశికి రెండున్నరేళ్లు, మూడు రాశులకి ఏడున్నరేళ్లు. ఏలినాటి శని లెక్క అదే. గురుడు అయిదు చుట్లు, శని రెండు చుట్లు పూర్తిచేసే కాలం దాదాపు అరవై ఏళ్లు. ప్రభవ నుంచి అక్షయ వరకూ సంవత్సరాల పేర్లు, ఇంట్లో తాతగారి షష్టిపూర్తి, అన్నీ ఆ రెండు గ్రహాల నడకకి సరిపోతాయి. జాతకాల మీద నాకు నమ్మకం లేదు. అయినా మన క్యాలెండర్‌లోకి వచ్చి కూర్చున్న గ్రహాలు గ్యాస్ గ్రహాలే. నదిలో మునక వేయించి మరీ మనవాళ్లు పిల్లలకి గురుడిని పరిచయం చేశారు. ఇంతకన్నా తెలిసినది ఏముంటుంది?

శనిని చూడమంటే మేడ మీదకి వచ్చిన పెద్దావిడ ఒకరు ముందు భయపడ్డారు. "వద్దమ్మా, ఇప్పటికే పడుతున్నాం" అన్నారు. మనవరాలు బలవంతపెడితే కన్ను ఆనించారు. వలయం కనిపించిన తర్వాత స్టూల్ మీంచి లేవలేదు.

ఇక అసలు తేడా దగ్గరికి వద్దాం. రాతి గ్రహానికి నేల ఉంటుంది, గ్యాస్ గ్రహానికి ఉండదు. వినడానికి తేలిక, ఊహించడం మాత్రం చాలా కష్టం. ప్లానెటేరియంలలో 'గురుడి మీద మీ బరువు ఎంత' అని చూపించే యంత్రాలు ఉంటాయి కదా, అవి ఆ కష్టాన్ని దాచేస్తాయి. గురుడి మీద అంటే దేని మీద? శాస్త్రవేత్తలు ఒక ఒప్పందం చేసుకున్నారు. మన సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి ఎంత ఉంటుందో దాదాపు అంతే ఒత్తిడి ఉన్న ఎత్తుని ఆ గ్రహానికి 'ఉపరితలం' అనుకుంటారు. అక్కడ చలి సున్నాకి వంద డిగ్రీలకు పైగా దిగువన. 40 కిలోల పిల్లవాడు ఆ ఎత్తున గురుడిలో నూటొక్క కిలో తూగుతాడు. శనిలో నలభై రెండున్నర. యురేనస్‌లో 36 కిలోలే, ఇంట్లో కన్నా తక్కువ. ఎన్నో భూములంత పదార్థం ఉన్న గ్రహాల్లో బరువు ఇలా ఎందుకు వస్తోందని పిల్లలే అడుగుతారు. పదార్థం ఎంత ఉందన్నదే కాదు, నడిమధ్య నుంచి మనం ఎంత దూరాన ఉన్నామన్నదీ ముఖ్యం అని అక్కడే చెప్పేయొచ్చు.

గురుడిలోకి దిగడం ఎలా ఉంటుందో మనకి ఊహ కాదు, రికార్డే ఉంది. 1995 డిసెంబర్ 7న గెలీలియో నౌక వదిలిన 339 కిలోల పరికరం గురుడి వాతావరణంలోకి దూకింది. సెకనుకి 47 కిలోమీటర్ల వేగం. రెండు నిమిషాల్లో ఆ వేగమంతా చచ్చిపోయింది. వేడి నుంచి కాపాడే కవచంలో సగానికి పైగా కాలి ఆవిరైపోయింది. తర్వాత పారాచూట్ విప్పుకుని దిగుతూ, దాదాపు గంటసేపు కబుర్లు పంపింది. గంటకి 600 కిలోమీటర్లు దాటిన గాలి. సూర్యుడి వెలుగు అందని లోతుల్లోకి వెళ్తే ఆ గాలి తగ్గుతుందని అనుకున్నవాళ్లు ఉన్నారు, తగ్గలేదు. నీటి మేఘాలు దట్టంగా ఉంటాయనుకున్నారు, పరికరం దిగిన చోటు ఎండిపోయి ఉంది. గురుడి మేఘాల్లో పొడిబారిన ఖాళీల్లాంటివి కొన్ని ఉంటాయి, అది సరిగ్గా అలాంటి చోటే దిగిందని తర్వాత తేలింది. చివరి కబురు వచ్చేసరికి ఒత్తిడి మన గాలికి 22 రెట్లు, వేడి 150 డిగ్రీలు. ఆ తర్వాత పరికరం మూగబోయి, దిగుతూనే కరిగి, ఆవిరై గురుడిలో కలిసిపోయింది. అది దేనికీ గుద్దుకోలేదు. గుద్దుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఇంత చేసి అది దిగింది సుమారు 150 కిలోమీటర్లు. నడిమధ్యకి ఇంకా 70,000 కిలోమీటర్లు మిగిలే ఉంది.

ఆ 70,000 కిలోమీటర్లలో ఏముంది? పైనున్న హైడ్రోజన్ గ్యాసే దిగేకొద్దీ చిక్కబడి ద్రవం అవుతుంది. చెరువులో నీటికీ పైన గాలికీ మధ్య ఉన్నట్టు ఇక్కడితో గ్యాస్ అయిపోయింది, ఇక్కడి నుంచి ద్రవం అని చూపించే గీటు ఉండదు. మన గాలి ఒత్తిడికి పది లక్షల రెట్లు దాటిన లోతుల్లో హైడ్రోజన్ ఎలక్ట్రాన్లు ఒక అణువుకి కట్టుబడి ఉండవు. అది కరిగిన లోహంలా కరెంటుని పారనిస్తుంది. విగ్నర్, హంటింగ్‌టన్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు 1935లోనే కాగితం మీద ఈ సంగతి ఊహించారు. 1996లో అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో ద్రవ హైడ్రోజన్‌ని క్షణకాలం అంత ఒత్తిడికి గురిచేసి అది లోహంలా ప్రవర్తించడం చూశారు. గురుడి అయస్కాంత క్షేత్రం అంత బలంగా ఉండటానికి కారణం ఈ లోహపు హైడ్రోజనే.

మా చెల్లెలి కొడుకు పరీక్షలో 'గురుడి లోపల ఎక్కువ భాగం ద్రవం' అని రాస్తే మార్కు కోసేశారు. పుస్తకంలో 'గ్యాస్' అని ఉందట. వాడు రాసిందే సరైనది. "మరి ఎందుకు కోశారు పెద్దమ్మా?" అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం రాయడానికి అది కూడా ఒక కారణమే.

ఇంకో విచిత్రం చూడండి. గురుడిలో శనికన్నా మూడు రెట్లకి పైగా పదార్థం ఉంది. వెడల్పు మాత్రం అయిదో వంతు కూడా ఎక్కువ లేదు: శని 1,20,500 కిలోమీటర్లు, గురుడు 1,43,000. దూదిపరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే పైన వేసిన ప్రతి పరుపూ అడుగువాటిని ఇంకాస్త అణగదొక్కుతుంది కదా, దొంతర మనం అనుకున్నంత ఎత్తు పెరగదు. గురుడికి ఇంకొంత హైడ్రోజన్ పోసినా వెడల్పు పెద్దగా పెరగదు. కొంత దాటితే తగ్గుతుంది కూడా. రాయి ఇంతగా అణగదు. శని నీళ్లలో తేలుతుందని పుస్తకాల్లో రాస్తారు. నీటి సాంద్రత 1 అనుకుంటే శని సగటు సాంద్రత 0.69 కాబట్టి రాస్తారు. అయితే ఆ వాక్యం చదివిన పిల్లవాడి మనసులో శని ఒక తేలికపాటి బంతిగా ఉండిపోతుంది. లోపల లోహంగా మారేంతగా నలిగిన హైడ్రోజన్ ఉందన్న ఊహ ఇక రాదు. నాకైతే ఆ వాక్యం తీసేస్తేనే మేలనిపిస్తుంది.

మా టెలిస్కోప్‌లోంచి ఈ తేడాని కంటితో చూడొచ్చు. గురుడిని చూసిన పిల్లలు చారల కన్నా ముందు "గుండ్రంగా లేదేంటి?" అంటారు. నిజమే. పది గంటల లోపే ఒక చుట్టు తిరిగేస్తుంది కాబట్టి నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. నడుము దగ్గరి వెడల్పుకీ ధ్రువాల మధ్య దూరానికీ తేడా 9,000 కిలోమీటర్ల పైనే. భూమికి ఆ తేడా 43 కిలోమీటర్లు. జూనో నౌక 2016లో గురుడిని చేరి, చుట్టూ తిరుగుతూ దాని ఆకర్షణలో చిన్న చిన్న తేడాలను కొలిచింది. ఆ చారల గాలులు దాదాపు 3,000 కిలోమీటర్ల లోతు వరకూ ఉన్నాయని అలాగే తేలింది. లోపలి గర్భం గట్టి ముద్దలా కాకుండా, పైనున్న హైడ్రోజన్‌లో కరిగి కలిసిపోతూ ఉందనీ తేలింది. శని గర్భం కూడా అలాంటిదే. పుస్తకాల్లో బొమ్మ గీసి మధ్యలో నల్లటి చుక్క పెట్టి 'రాతి కోర్' అని బాణం గుర్తు వేస్తారు. ఆ చుక్క అంచుని ఇక చెరిపేయాలి.

రాతి గ్రహాల గొప్పతనం వేరే చోట ఉంది, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రాయి గుర్తు పెట్టుకుంటుంది. మా ఇంటి నుంచి ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్తే పరంగిమలై, పల్లావరం కొండలు వస్తాయి. అక్కడి నల్లటి గట్టి రాయికి చార్నొకైట్ అని పేరు. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సమాధికి మద్రాసు రాయి వాడారు, ఆ రాయిని పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ దానికి చార్నాక్ పేరే పెట్టాడు. విశాఖ వైపు తూర్పు కనుమల్లోనూ ఇలాంటి రాయి ఉంది. పల్లావరం రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నేల అడుగున ఎన్నో కిలోమీటర్ల లోతులో, విపరీతమైన వేడిలో తయారై పైకి వచ్చింది. అప్పటి వేడి, ఒత్తిడి ఎంతో ఆ రాయిలోని ఖనిజాలు ఇప్పటికీ చెబుతాయి. బస్ దిగి చేత్తో తాకొచ్చు.

గురుడి పైభాగానికి ఆ జ్ఞాపకం లేదు. 1994 జూలైలో షూమేకర్–లెవీ తోకచుక్క ముక్కలై ఒకదాని వెనక ఒకటి గురుడిని గుద్దింది. భూమి కన్నా పెద్ద నల్ల మచ్చలు పడ్డాయి. చిన్న టెలిస్కోపుల్లో కూడా కనిపించాయి. కొన్ని నెలలకి ఏమీ లేదు. అదే బుధుడి మీద పడి ఉంటే వందల కోట్ల ఏళ్ల పాటు గుంట మిగిలేది. అయితే అదే నేల లేకపోవడం వల్ల అక్కడ తుఫాను చల్లారదు. మన బంగాళాఖాతం తుఫాను తీరం దాటిందంటే రెండు రోజుల్లో నీరసించిపోతుంది. గురుడి మీద ఎర్రమచ్చలా కనిపించే పెద్ద తుఫానుకి దాటడానికి తీరం లేదు. పందొమ్మిదో శతాబ్దం నుంచి దాన్ని వరసగా చూస్తూనే ఉన్నారు. చిక్కిపోతోంది, అయినా ఇప్పటికీ భూమి కన్నా వెడల్పే.

ఇదంతా విన్న టీచరుగారు ఒక ప్రశ్న వేశారు: "సరే, రెండూ వేరని తెలిసింది. వేరెందుకయ్యాయో గురుడితో మొదలుపెడితే చెప్పగలరా?" గురుడితో మొదలుపెడితేనే చెప్పగలం. రాతి గ్రహాలు, గ్యాస్ గ్రహాలు రెండు జాతులు కావు. మొదట్లో సూర్యుడి చుట్టూ హైడ్రోజన్, హీలియం గ్యాస్ పళ్లెంలా పరుచుకుని తిరుగుతుండేది, అందులో ధూళి. ఆ గ్యాస్ కొన్ని మిలియన్ల ఏళ్లే ఉంది, తర్వాత చెదిరిపోయింది. సూర్యుడికి దూరంగా, నీరు మంచుగా ఉండే చోట ముడిసరుకు ఎక్కువ. అక్కడ పది భూములంత ముద్ద త్వరగా పోగైన చోట దాని ఆకర్షణకి చుట్టూ ఉన్న గ్యాస్ వచ్చి పడింది. ఉల్కల మీద జరిగిన పరిశోధనను బట్టి గురుడి గర్భం మొదటి పది లక్షల ఏళ్లలోనే ఇరవై భూములంత అయ్యింది. భూమి తయారు కావడానికి కోట్ల ఏళ్లు పట్టింది. అప్పటికి గ్యాస్ లేదు. యురేనస్, నెప్ట్యూన్‌లకి ఆలస్యంగా కొంచెమే దొరికింది. అందుకే వాటిలో నీరు, మీథేన్, అమ్మోనియా ఎక్కువ, గ్యాస్ తక్కువ. నిజానికి వాటిని గురుడు, శనితో ఒకే వరసలో వేయడం కూడా తప్పే. ఈ రోజు మనం పీల్చే గాలి మొత్తం భూమి పదార్థంలో పది లక్షల్లో ఒక వంతు కూడా లేదు, అదీ తర్వాత సమకూరింది. విందు అయిపోయాక వచ్చాం మనం.

గురుడు ముందు తయారవడం తర్వాత పుట్టినవాటి మీద కూడా పనిచేసింది. గురుడికీ కుజుడికీ మధ్య ఉన్న గ్రహశకలాలన్నీ కలిపినా చందమామలో నూటికి నాలుగు వంతులు కావు. అక్కడ గ్రహం పెరగకుండా చేసింది గురుడి ఆకర్షణే. గురుడి చుట్టూ తిరిగే అయో మన చందమామ కన్నా కాస్త పెద్ద రాతి గోళం. గురుడు దాన్ని అటూ ఇటూ పిసికి వేడెక్కించడం వల్ల వందల అగ్నిపర్వతాలు రగులుతున్నాయి. ఇంకో మాట కూడా చాలామంది చెబుతారు, గురుడు తోకచుక్కల నుంచి మనల్ని కాపాడే కవచమని. నేను పిల్లలకి అలా చెప్పను. కొన్నింటిని బయటికి విసిరేస్తుంది, కొన్నింటిని మన వైపే తోస్తుంది. కంప్యూటర్‌లో లెక్కలు కట్టి చూసినవాళ్లు కూడా కవచం అని గట్టిగా చెప్పలేకపోతున్నారు.

నా వాదనకి ఒక పరిమితి ఉంది. మన సౌరకుటుంబంలో గురుడు పెద్ద కాబట్టి అన్నిచోట్లా అంతే అనుకోకూడదు. వేరే నక్షత్రాల చుట్టూ గ్రహాలు వెతకడంలో చెన్నైకి పాత సంబంధమే ఉంది. నుంగంబాక్కంలో ఇప్పుడు వాతావరణ కార్యాలయం ఉన్న చోట ఒకప్పుడు మద్రాసు అబ్జర్వేటరీ ఉండేది, 1792లో కట్టింది. అక్కడ పనిచేసిన కెప్టెన్ జేకబ్ 1855లో 70 ఒఫియూచి అనే జంట నక్షత్రాల కదలికలో తేడా చూసి, అక్కడ ఒక గ్రహం ఉండి ఉంటుందన్నాడు. అది నిలబడలేదు. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని గట్టిగా తెలిసింది 1995లో, మేయర్, కెలోజ్‌ల చేతుల్లో. అదీ గ్యాస్ గ్రహమే, తన నక్షత్రాన్ని నాలుగు రోజుల్లో చుట్టేస్తోంది. ఆ తర్వాత వేల గ్రహాలు దొరికాయి. వాటిలో గురుడంతటివి తక్కువ. నక్షత్రాలకి దగ్గరగా ఎక్కువగా కనిపించేవి భూమి కన్నా పెద్దవి, నెప్ట్యూన్ కన్నా చిన్నవి. మన దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు.

వేరే నక్షత్రం చుట్టూ తిరిగే కె2-18బి అనే గ్రహం సంగతి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినప్పుడు మేడ మీద పిల్లలంతా దాని గురించే. 124 కాంతి సంవత్సరాల దూరం. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ దాని వాతావరణంలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ చూసింది. 2025లో భారతదేశంలో పుట్టిన మధుసూదన్ నాయకత్వంలోని కేంబ్రిడ్జ్ బృందం అక్కడ జీవానికి సూచన కావచ్చన్న ఒక రసాయనం ఆనవాళ్లు ఉన్నాయంది. మిగతా శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకోలేదు. పిల్లలు ముందు అడిగింది జీవం గురించి కాదు, "అది రాతి గ్రహమా, గ్యాస్ గ్రహమా?" అని. లెక్క ఒక కాగితం మీద వాళ్ల చేతే కట్టించాను. బరువు 8.6 భూములు, అడ్డుకొలత భూమికి 2.6 రెట్లు. 2.6 × 2.6 × 2.6 అంటే పదిహేడున్నర, అన్ని భూములు పట్టేంత చోటు. 8.6ని దానితో భాగిస్తే సాంద్రత భూమిలో సగం, అంటే నీటికి 2.7 రెట్లు. భూమిలాంటి రాయీ ఇనుమూ అయితే అంత బరువుకి అణిగి అయిదున్నర దాటాలి. గురుడిలా ఉంటే 1.3 దగ్గర ఉండాలి. పుస్తకంలోని పట్టికలో రాతి గ్రహాల గడి కానీ గ్యాస్ గ్రహాల గడి కానీ దీనికి సరిపోలేదు. హైడ్రోజన్ కింద సముద్రం ఉందా, కరిగిన రాతి సముద్రమా, అసలు నేలే లేని చిన్న నెప్ట్యూనా అని శాస్త్రవేత్తలే ఇంకా వాదించుకుంటున్నారు.

టీచరుగారు ఆ కాగితం అడిగి తీసుకున్నారు. పరీక్షలో పట్టిక అడుగుతారు కాబట్టి పట్టిక మాననని ఖచ్చితంగా చెప్పారు. జూన్‌లో బడి తెరిచాక ఒక సెక్షన్‌కి మాత్రం పుష్కరాలతో మొదలుపెట్టి, గెలీలియో పరికరం దిగిన కథ చెప్పి, బుధుడిని చివరికి ఉంచి చూస్తారట. పిల్లలు ఏమడిగారో రాసిపెట్టమని అడిగాను.